వాన లేని ఏట వాక్యం

2018 జూన్ 3, ఆదివారం

మొన్న రాత్రి దుక్కి పదునుకు సరిపడా వాన పడింది. పొద్దున గుడిలో మగవాళ్ల వైపు చాపలు సగం ఖాళీ. అందరూ గొర్రు కట్టుకుని చేలల్లో ఉన్నారు. పాస్టరయ్య ఎవరినీ తప్పుపట్టలేదు. చేనుకు పోయినవాళ్ల కోసమే మొదటి ప్రార్థన చేసి, రోమా పత్రిక పదిహేనో అధ్యాయం తీయమన్నారు. పూర్వం రాసిపెట్టిన మాటలన్నీ మన బోధ కోసమేనని, ఓర్పు వల్లా లేఖనాలిచ్చే ఆదరణ వల్లా మనకు నిరీక్షణ కలగాలని పౌలు అక్కడ అంటాడు.

ఇంటికొచ్చి రాగి సంగటి కెలుకుతున్నా ఆ వరుసే మనసులో మెదిలింది. ముందు ఓర్పు, ఆపైన ఆదరణ, ఆ రెండూ ఉంటే నిరీక్షణ. ఓర్పు మా సీమకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనులో పడితే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు తీరాన కురిసి, ఇక్కడికొచ్చేసరికి తేలిపోతాయి. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో మన అనంతపురం ఒకటని బడిలో పిల్లలకు చెప్తూనే ఉంటాను. ఓర్చుకోవడం తెలిసినవాళ్లు ఇక్కడ లక్షలమంది. ఆ ఓర్పు మొద్దుబారిపోకుండా నిరీక్షణ ఎలా అవుతుందో, అందులో ఈ గ్రంథం చేసే పని ఏమిటో ఈ ఏడంతా రాసిపెట్టుకోవాలనిపించింది.

జూన్ 10, ఆదివారం

నిన్న తమ్ముడు మెట్ట చేలో శెనక్కాయ విత్తాడు. కదిరి-6 రకం. సబ్సిడీ విత్తనం కోసం క్యూలో నిలబడి తెచ్చుకున్న మూట. దాన్ని విప్పినప్పుడు మరదలు కొన్ని గింజలు అరచేతిలో పోసుకుని కాసేపు చూసింది. రోట్లో వేస్తే ఇంటిల్లిపాదికీ ఊరిబిండి. గానుగకు వేస్తే పండక్కి నూనె. మట్టిలో వేస్తే ఏమవుతుందో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో లేరు.

126వ కీర్తనలో ఏడుస్తూ విత్తనం మోసుకుపోయే మనిషి ఉన్నాడు. చివర్లో పనలు మోసుకుని తిరిగొచ్చే సంతోషం కోసం అందరూ ఆ కీర్తన చదువుతారు. నాకు ఆ ఏడుపు దగ్గరే నమ్మకం కుదురుతుంది. తిండికి వెతుకులాడే ఇంట్లో విత్తనమంటే పిల్లల కంచంలోంచి తీసిన ముద్ద. అది తెలిసినవాళ్లే ఆ మాట రాయగలరు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మనిషి కళ్లు తుడుచుకున్నాక బయల్దేరలేదు, ఏడుస్తూనే నడిచాడు. దిగులు తీరాకే అడుగు వేయమని వాక్యం అడగదు. దిగులుతోనే వేయొచ్చునని చెప్తుంది. మరదలికి రాత్రి ఆ కీర్తన చదివి వినిపించాను. "ఏడ్చేది తప్పు కాదన్న మాట వదినా" అంది. తప్పు కాదు.

జూన్ 19, మంగళవారం

విన్సెంట్ ఫెర్రర్ వర్ధంతి. 2009లో ఇదే రోజున ఆయన అనంతపురంలో కన్నుమూశారు. స్పెయిన్‌లో పుట్టి, 1952లో జెసూట్‌గా ఈ దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతుల మధ్య పనిచేశారు. 1968లో దేశం విడిచిపోవలసి వచ్చింది. మరుసటి ఏడే తిరిగొచ్చి, ఎవరూ కోరి రాని ఈ జిల్లాను ఎంచుకున్నారు. 1970లో జెసూట్ సభను వదిలినా ఇక్కడి జనాన్ని వదల్లేదు. ఆయనా భార్య ఆన్ ఫెర్రర్ కలిసి నిలబెట్టిన ఆర్డీటీ సంస్థ కట్టిన ఇళ్లూ బళ్లూ బావులూ బత్తలపల్లి ఆస్పత్రీ ఈ జిల్లాలో తెలియనివాళ్లు లేరు.

ఆకలితో వణుకుతున్నవాడికి చలి కాచుకో, కడుపు నింపుకో అని నోటిమాట చెప్పి పంపేస్తే ఆ విశ్వాసం చచ్చినదేనని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో తేల్చేస్తాడు. లేఖనం ఇచ్చే ఆదరణ గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ముందు ఆ అధ్యాయం దాటి రావాలి. మా జిల్లాలో చాలా కుటుంబాలకు ఆ అధ్యాయం పక్కా ఇంటి కప్పుగా, పిల్లకు వేసిన సూదిమందుగా అందింది. ఆ ఇళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు.

జూలై 3, మంగళవారం

నూట నలభై ఏళ్ల కిందట, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తెలుగు క్రైస్తవులు ఆ అంకె గర్వంగా చెప్పుకుంటారు. అంకె వెనక ఉన్న కరువును అంతగా చెప్పుకోరు.

1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. అప్పటికి మా అనంతపురం అందులో భాగమే. 1882లో వేరు జిల్లా అయింది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పని గుత్తకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. ఆ పని సాగినన్నాళ్లూ బోధకులు వాళ్ల మధ్య ఉండి వాక్యం చెప్పారు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదని కరువు తీరేదాకా ఆపాడు. ఆపినా జనం పోలేదు. కూలిపని అయిపోయాక, ఇక పుచ్చుకునేది ఏమీ లేదని తెలిసీ వచ్చారు.

అన్నం పెట్టే చేత్తో వాక్యానికి బేరం పెట్టకపోవడం వాక్యానికిచ్చే మొదటి మర్యాద. కరువు సీమలో సువార్త చెప్పేవాళ్లెవరైనా క్లౌ ఆగిన ఆ నెలల గురించి చదవాలి.

జూలై 15, ఆదివారం

చేలు పూతకొచ్చాయి. ఊడలు దిగాలంటే నేల మెత్తబడాలి. వారాలుగా చుక్క లేదు. పొద్దున ట్యాంకరు కూడా రాలేదు. బిందెల వరస గుడి గోడ దాకా సాగింది.

సండే స్కూల్లో పిల్లలతో యిర్మీయా పద్నాలుగో అధ్యాయం చదివించాను. పెద్దింటివాళ్లు పనివాళ్లను నీళ్లకు పంపుతారు. వాళ్లు గుంటల దాకా పోయి, ఖాళీ కుండలతో తలలు కప్పుకుని తిరిగొస్తారు. నేల బీటలు వారి సేద్యగాళ్లు తలదించుకుంటారు. మేత లేక లేడి అప్పుడే ఈనిన పిల్లను వదిలేసి పోతుంది. ఏడో తరగతి పిల్లవాడు పుస్తకంలోంచి తలెత్తి, "టీచరమ్మా, ఇది రాసినాయనది యా ఊరు?" అని అడిగాడు. యెరూషలేముకు దగ్గర్లో అనాతోతు అని చెప్పాను. "ఆడా ఇంతేనా!" అన్నాడు.

ఆడా ఇంతే. వానను నమ్ముకున్న మెట్టనేలల మనుషులు రెండు మూడు వేల ఏళ్ల కిందట ఆకాశం వైపు చూస్తూ రాసుకున్నవే ఈ గ్రంథంలో చాలా భాగం. మనకు ఎక్కడినుంచో వచ్చిన పుస్తకమన్న మాట నేను ఒప్పుకోలేను. మా నేల సంగతి తెలిసిన పుస్తకమిది. మన బాధ ఇంతకుముందు ఒకరు పడ్డారని, పడి దేవుడి ఎదుట పెట్టుకున్నారని తెలిస్తే అందులో సగం బరువు దిగుతుంది. ఆ పిల్లవాడి మొహంలో అది చూశాను.

జూలై 27, శుక్రవారం

ఉపవాస ప్రార్థన. సంఘ పెద్ద ఒకాయన లేచి, "ఊళ్లో పాపం పెరిగిపాయె, అందుకే దేవుడు ఆకాశం మూసినాడు" అన్నారు. వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్లు కొంగు ముందుకు లాక్కుని తల వంచుకున్నారు. ఊరు ఎవరిని తలచుకుంటుందో వాళ్లకు తెలుసు.

పాస్టరయ్య కోప్పడలేదు. యిర్మీయా పద్నాలుగో అధ్యాయమే తీసి అడిగారు: "అన్నా, ప్రవక్త దోషాలు ఒప్పుకున్నాడు, నిజమే. ఎవరి దోషాలన్నాడు? మా దోషాలన్నాడు. తననూ కలుపుకున్నాడు. పొరుగింటి వైపు వేలు చూపలేదే." ఆ తర్వాత లూకా పదమూడో అధ్యాయం చదివారు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చస్తే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకోవద్దని ప్రభువు చెప్పిన చోటు.

ఇంకో మాట కూడా అన్నారు. ఒప్పుకోవాల్సిన పాపాలు ఉన్నాయి, అవి అందరివీ. పెన్నలో, చిత్రావతిలో ఇసుక తోడేసినప్పుడు చూస్తూ ఊరుకున్నాం. గుట్టల మీద చెట్టు మిగల్చలేదు. చెరువు పూడిక తీయడం మానేసి బోరు మీద బోరు వేశాం. వీటికోసం మోకాళ్లు వంచుదామన్నారు. ఈసారి తల వంచనివాళ్లు లేరు.

కుంగినవాళ్లను ఇంకా కుంగదీయడానికి వాక్యం వాడేవాళ్లను చూస్తే నాకు గుండె మండుతుంది. అదే వాక్యం వాళ్లను లేవనెత్తుతుందని ఈరోజు చూశాను.

ఆగస్టు 5, ఆదివారం

ఏలీయా కథలో అందరూ కర్మెలు కొండ మీద దిగిన అగ్నిని చెప్తారు. ఈ ఏడు నేను కెరీతు వాగు దగ్గరే ఆగిపోయాను. కరువు రాబోతుందని చెప్పిన ప్రవక్తను దేవుడే ఆ వాగు దగ్గర దాచాడు. కాకులు పూటపూటకూ రొట్టె, మాంసం తెచ్చిపెట్టాయి. కొన్నాళ్లకు వాన లేక వాగు ఎండిపోయింది. దేవుడు పంపిన చోట, దేవుడు చూపిన వాగు. అయినా ఎండింది.

ఎండిందంటే దేవుడు వదిలేశాడని అర్థమైతే కథ అక్కడితో అయిపోవాలి. అవ్వలేదు. సారెపతుకు పొమ్మన్నాడు. అక్కడ ఒక విధవరాలు చివరి పిడికెడు పిండితో తనకూ కొడుక్కీ రొట్టె చేసుకుని, తిని చావడానికి పుల్లలు ఏరుకుంటోంది. ఆమె ఇంట్లో వాన పడేదాకా పిండి తరగలేదు, నూనె అయిపోలేదు. ఆమెకు గాదె నిండా ధాన్యం ఇచ్చినట్టు ఎక్కడా లేదు. ఏరోజుకారోజు తొట్టి అడుగున ఆ పూటకు సరిపడా ఉంది, అంతే. చేతిలో ఏడాది గ్రాసం ఉండి ధైర్యంగా ఉండడం అందరికీ చేతనవుతుంది. ఆమె ప్రతి పొద్దునా తొట్టిలో చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. నిరీక్షణ అంటే ఆ చెయ్యి పెట్టడమే.

ఆగస్టు 17, శుక్రవారం

పక్క ఊరికి పోయివచ్చాం, నలుగురు ఆడవాళ్లం. పోయిన ఏడు అప్పుల పాలై భర్త ప్రాణం తీసుకున్న ఇల్లు. ఆమెకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కాగితాల కోసం కచేరీల చుట్టూ తిరుగుతోంది. "అందరూ వచ్చి అంతా మేలుకే అంటారక్కా. యా మేలు?" అంది.

రోమా ఎనిమిదో అధ్యాయంలోని ఆ మాట సత్యమే. కానీ ఆ ఇంట్లో, ఆ రోజు, ఆ నోళ్లనుంచి అది రాయై తగిలింది. నేను 88వ కీర్తన చదివాను. కీర్తనల్లో చాలావాటికి చివర్లో ఎక్కడో తెల్లారుతుంది. దీనికి తెల్లారదు. ప్రాణస్నేహితుల్ని దూరం చేశావని దేవుడితోనే చెప్పుకుని, చీకట్లోనే ఆగిపోతుంది. అలాంటిది ఒకటి గ్రంథంలో ఉండనిచ్చారు. యుగాలుగా గుళ్లల్లో చదివిస్తున్నారు. తెల్లారని రాత్రిలో ఉన్న మనిషి కూడా దేవుడితో మాట్లాడే హక్కు పోగొట్టుకోలేదని దానివల్ల తెలుస్తుంది.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది మళ్లా సదువు అక్కా" అంది. మళ్లీ చదివాను. వచ్చే శుక్రవారం కూడా పోతాం. పిల్లల బడి కాగితాలు నేను చూస్తానని చెప్పాను. యోబు స్నేహితులు ఏడు రోజులు పక్కన కూర్చున్నప్పుడే మేలు చేశారు. నోరు తెరిచాక చెడిపోయారు.

ఆగస్టు 26, ఆదివారం

మబ్బు పట్టింది. నాలుగు చినుకులు. గుడి బయట నిలబడి అందరం చేతులు చాపాం. అంతలోనే తేలిపోయింది. ఏలీయా పనివాణ్ణి సముద్రం వైపు చూడమని ఏడుసార్లు పంపాడు. ఆరుసార్లు ఏమీ లేదనే జవాబే వచ్చింది. ఆ ఆరుసార్లూ రాసిపెట్టినందుకు ఈరోజు దేవుడికి స్తోత్రం చెప్పాను.

సెప్టెంబరు 9, ఆదివారం

బోరు తగాదా గుడిలోకి వచ్చింది. అన్నదమ్ముల బిడ్డలే. ఒకరి బోరుకు కూతవేటులో ఇంకొకరు బోరు వేయిస్తామన్నారు. మా వైపు వెయ్యి అడుగులు దాటిపోయినా నీళ్లు పడని బోర్లు కొల్లలు. ఒక్క బోరు ఎండితే ఆ ఇంటి పెళ్లీ చదువూ వైద్యమూ దాంతోపాటే ఎండుతాయి. నీరు, భూమి, చెట్ల చట్టం 2002 నుంచీ ఉంది. బోరుకూ బోరుకూ ఉండాల్సిన దూరం దాని నిబంధనల్లో ఉంది. చట్టం చదివితే గొడవ ఆగుతుందా?

సాయంత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టి పాస్టరయ్య ఆదికాండం ఇరవై ఆరు చదివించారు. కరువులో ఇస్సాకు గెరారులో విత్తి నూరంతలు పండించాడని చెప్పే వచనం మీద ప్రసంగాలు చాలా విన్నాం. ఆ తర్వాత వచ్చేదంతా బావుల గొడవే. తండ్రి తవ్విన బావుల్ని మన్నుపోసి పూడ్చారు. తవ్వుకున్నదాన్ని ఒకరు మాదన్నారు. ఇంకోటి తవ్వితే దానికీ తగువే. మూడోదానికి ఎవరూ రాలేదు. దానికి రెహోబోతు, అంటే విశాలమైన చోటు, అని పేరు పెట్టాడు. "ఇస్సాకుకు పోనీకి జాగా ఉంది అయ్యా, మాకు రెండెకరాలే" అన్నాడు పెద్దవాడు. నిజమే. అందరం ఊరుకున్నాం. అప్పుడు పాస్టరయ్య అధ్యాయం చివర చూడమన్నారు. తగువాడినవాళ్ల రాజూ అతని మనుషులూ ఇస్సాకు గుడారానికి వస్తారు. ఇస్సాకు వాళ్లకు విందు చేస్తాడు. తెల్లవారి ప్రమాణాలు చేసుకుని సమాధానంగా విడిపోతారు. ఆ రోజే పనివాళ్లు వచ్చి నీళ్లు పడ్డాయని చెప్తారు.

రాజీ ముందు, నీళ్లు తర్వాత. కొత్త బోరు ఆపేసి, ఉన్న బోరు నీళ్లే ఇద్దరూ వంతులవారీగా పారించుకోవాలని, కరెంటు మోటారు ఖర్చు సగం సగమని ఒప్పుకున్నారు. నిలబడుతుందో లేదో ఎండాకాలం చెప్తుంది. ఇవాళ్టికి ఇద్దరూ ఒకే ఇంట్లో భోంచేశారు.

సెప్టెంబరు 27, గురువారం

సి.ఎస్.ఐ. ఆవిర్భావ దినం. 1947లో ఇదే తేదీన మద్రాసులో వేర్వేరు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘమైంది. మా తాతముత్తాతల గుడి లండన్ మిషన్‌ది. బళ్ళారిలో 1810లో జాన్ హ్యాండ్స్ మొదలుపెట్టిన మిషన్ పని నుంచే ఈ వైపు వాక్యం నడిచొచ్చింది.

తెలుగు అచ్చులోకి వాక్యం వచ్చింది విశాఖపట్నం దారిలో. డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయరు అనే తెలుగు పండితుడు కలిసి చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1818 నాటికి కొత్త నిబంధన, 1854 నాటికి మొత్తం బైబిల్ తెలుగులోకి వచ్చాయి. అక్కడినుంచి మా ఊళ్లో చదువు రానివాళ్ల నోటిమీదికి రావడానికి బైబిల్ స్త్రీలు కావలసి వచ్చింది.

మా జేజికి అక్షరం రాదు. బైబిలమ్మ వారానికోసారి వచ్చి, కలుపు తీస్తున్న చేలోనే గట్టున కూర్చుని ఒక్కో వచనం చెప్పి చెప్పించేది. అలా 23, 91, 121 కీర్తనలు జేజికి కంఠతా వచ్చాయి. పురుషోత్తమ చౌదరి రాసిన తెలుగు క్రైస్తవ పాటలూ అంతే, పుస్తకం ముట్టకుండానే. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన వాడలో, ఆమె నోట్లో ఉన్న మాటల్ని ఎవరూ దూరం పెట్టలేకపోయారు. చూపు పోయాక కూడా అవి పోలేదు. ఇప్పుడు ఫోన్లో తెలుగు బైబిల్ చదివి వినిపిస్తుంది, మంచిదే. కానీ కంఠతా వచ్చిన వాక్యానికి చార్జింగూ సిగ్నలూ అక్కర్లేదు. ఆస్పత్రి మంచం మీద, అర్ధరాత్రి బస్సులో అదే తోడొస్తుంది. సండే స్కూలు పిల్లలకు నెలకో కీర్తన కంఠతా పెట్టించాలి.

అక్టోబరు 21, ఆదివారం

పీకిన చేలల్లో కాయ కంటే కట్టె ఎక్కువ. తమ్ముడికి విత్తనం ఖర్చు కూడా రాలేదు. ఆ కట్టెనే పశువుల మేతకని వాము వేశాడు.

పీకేసిన చేలో వాడ ఆడవాళ్లు చిన్న పారలతో మట్టి తిరగేసి, తెగి మిగిలిన కాయలు ఏరుకుంటున్నారు. తమ్ముడు వద్దనలేదు. పండని ఏడు వద్దనకపోవడం చిన్న సంగతి కాదు. చేను అంచుల దాకా కోసుకోవద్దు, పరిగె పేదలకూ పరదేశులకూ వదలమని లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయం చెప్తుంది. రూతు బతికింది ఆ ఆజ్ఞ మీదే. ఒక రైతు ఆ మాట పాటించాడు గనుక ఒక విధవ కోడలు అత్తకు అన్నం పెట్టింది. ఒకరు పాటించిన ఆజ్ఞ ఇంకొకరికి నిరీక్షణ అవుతుంది.

నవంబరు 4, ఆదివారం

ఆరాధన అయ్యాక సగం సంఘం బస్టాండుకు. బెంగుళూరుకు పోయేవాళ్లు: కట్టడం పనులకు, సెక్యూరిటీ కాపలాకు, ఇళ్లల్లో పనికి. ముసలివాళ్లూ పిల్లలూ ఊళ్లో మిగులుతారు.

రూతు గ్రంథం మొదలయ్యేదే ఇలా. రొట్టెల ఊరైన బేత్లెహేములో కరువొచ్చి, ఒక కుటుంబం మోయాబుకు వలసపోతుంది. అక్కడ ముగ్గురు మగవాళ్లూ పోతారు. నయోమి వట్టి చేతులతో తిరిగొచ్చి, దేవుడు నాకు చేదు చేశాడని ఊరందరి ఎదుటా అంటుంది. ఆ చేదు మాట అనొద్దని ఆమెను ఎవరూ కసరలేదు. అప్పుడే యవల కోత మొదలైందని మాత్రం కథ ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటుంది. ఆ వలస కుటుంబం నుంచే దావీదు, ఆ వంశంలోనే క్రీస్తు.

బస్సెక్కుతున్న పిల్లకు నా చిన్న కొత్త నిబంధన ఇచ్చాను. "తిరిగొస్తావు కదా" అన్నాను. "పండక్కొస్తా అత్తా" అంది.

నవంబరు 18, ఆదివారం

కోత పండుగ. మామూలుగా గుడి ముందు శెనక్కాయల గంపలు, గుమ్మడికాయలు, కోళ్లు, కందులు రాశిపోసి వేలం వేస్తారు. ఈసారి జరపాలా వద్దా అని సంఘంలో మాట నడిచింది. జరపాలని ముసలివాళ్లే పట్టుబట్టారు.

పిడికెడు ఉలవలు, అరసోలెడు కొర్రలు, ఒక కట్ట గడ్డి వచ్చాయి. శుక్రవారాలు మేం కలుస్తున్న ఆ పక్క ఊరి అమ్మాయి కూడా వచ్చింది. తాను ఏరుకున్న పరిగె కాయలు గుడ్డలో కట్టి పెట్టింది. పాఠం హబక్కూకు మూడో అధ్యాయం చివర. అంజూరపు చెట్టు పూయదు, ద్రాక్ష కాయదు, ఒలీవ మోసం చేస్తుంది, చేలో పైరు లేదు, దొడ్లో గొర్రె లేదు, సాలలో పశువు లేదు. ఇన్ని లేవులు వరసపెట్టి చెప్పాక, అయినా దేవునియందు ఆనందిస్తానంటాడు ప్రవక్త.

ఆ "అయినా" అనడానికి ముందు ఆయన ఏదీ దాచలేదు. ఉన్న నష్టమంతా లెక్కగట్టి ఒక్కొక్కటీ పేరుపెట్టి చదివాడు. మా పాస్టరయ్య కూడా అదే చేశారు. ఎవరి చేను ఎంత పోయింది, ఎవరు ఎద్దులమ్ముకున్నారు, ఎవరి బోరు ఎండింది, పేరుపేరునా చెప్పించి ప్రార్థన చేశారు. ఆ తర్వాతే పాట. అంత గట్టిగా పాడడం నేను పండిన ఏళ్లలో వినలేదు. పంట కోసం మాత్రమే దేవుణ్ణి నమ్మి ఉంటే ఈరోజు పాడేవాళ్లం కాదు. ఆయన మాతో ఉన్నాడనే పాడాం. అది మా సంఘం ఈరోజు ఊరికి చెప్పిన సాక్ష్యం.

డిసెంబరు 2, ఆదివారం

తమ్ముడు ఉపాధి పనిలో చేను పల్లంలో సేద్యపు గుంట తవ్విస్తున్నాడు. ఉపాధి హామీని దేశమంతటికీ మొదలుపెట్టింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. వాన రాని ఏడు నీళ్లు నిలిపే గుంట ఎందుకని ఎవరో అన్నారట. ఎండిన ఏడే కదా తవ్వాలి.

యెరూషలేము ముట్టడిలో ఉండగా, తాను చెరసాలలో ఉండగా యిర్మీయా అనాతోతులో పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల్ని పిలిచి పత్రం రాయించి, చాలాకాలం నిలవాలని మట్టికుండలో పెట్టించాడు. శత్రువు చేతిలో ఉన్న భూమికి రిజిస్ట్రేషన్ చేయించుకోవడమది. ఈ దేశంలో మళ్లీ పొలాలు కొంటారని దేవుడు అన్న మాటకు ఆయన తన డబ్బు పెట్టాడు.

గుంటకు పేరు పెట్టమని తమ్ముడు నన్నడిగాడు. రెహోబోతు అన్నాను.

డిసెంబరు 25, మంగళవారం

బెంగుళూరు పిల్ల వచ్చింది. కొత్త నిబంధన అంచులు నలిగిపోయి ఉన్నాయి. లూకా రెండో అధ్యాయం తనే చదివింది. రాత్రి కాపలా కాసే గొల్లలకు మొదట కబురు అందిందన్న చోట, సెక్యూరిటీ పని చేసే వాళ్ల నాన్న వైపు చూసి నవ్వింది.

డిసెంబరు 31, సోమవారం

రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచారు. ఎక్కువమందికి యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు మన గురించి తలచేవి సమాధానపు తలంపులేనని, చివర నిరీక్షణ ఇస్తాడని చెప్పే వచనం. దాన్ని ఫ్రేములో కట్టి గోడకు తగిలించుకోని క్రైస్తవ ఇల్లు మా ఊళ్లో తక్కువ.

ఆ వచనం బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది. ఇంకాస్త పైన ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని తెచ్చి పెట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. ఆ వచనాన్ని ఆ ఉత్తరంలోంచి కత్తిరిస్తే వచ్చే ఏడు వాన గ్యారంటీ అన్నట్టు వినిపిస్తుంది. వాన రాకపోతే వాక్యం తప్పిందనిపిస్తుంది. ఉత్తరమంతా చదివితే దేవుడు ఎంతకాలం తోడుంటాడో, ఆ కాలంలో మనం చేయాల్సిన పనేమిటో తెలుస్తుంది.

ఆరాధన అయ్యాక పాస్టరయ్యను అడిగాను: సంక్రాంతి తర్వాత మళ్లీ బెంగుళూరు బస్సెక్కేవాళ్లు పోకముందే ఇరవై తొమ్మిదో అధ్యాయం మొదటినుంచీ చివరిదాకా గుడిలో చదువుదామని. ఒప్పుకున్నారు. జనవరి 6 ఆదివారం అదే పాఠం. చదివేది ఆ పిల్లే. పక్క ఊరి అమ్మాయి కొడుకు 121వ కీర్తన కంఠతా చెప్తాడు. వాన ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. వచ్చేదాకా ఎలా బతకాలో ఈ గ్రంథానికి తెలుసు. అందుకే దాన్ని వీళ్ల చేతుల్లో పెట్టడం నా పని.